కిలోల లెక్కన దొరికిన యుద్ధం

కొక్కేనికి వేలాడుతున్న ఎలక్ట్రానిక్ కాటా 11.4 అని చూపించింది. కిలో 14 రూపాయల లెక్కన మొత్తం 160 రూపాయలు. కడపలో ఒక పాత మిద్దె. ఆ ఇంటి నడవలో ఆ రోజు కాటాకు వేలాడింది రెండో ప్రపంచ యుద్ధం. సరిగ్గా చెప్పాలంటే, 1939 నుంచి 1945 దాకా వచ్చిన తెలుగు వారపత్రికలు, మాసపత్రికల కట్ట. ఇల్లు పడగొట్టి కొత్తది కడుతున్నారు. అటక ఖాళీ చేస్తుంటే బయటపడింది.

ఆ కట్ట కోసం ముగ్గురం వచ్చాం. పాత పేపర్లు కొనే ఆయన ఒకరు. బెంగళూరు నుంచి వచ్చిన ఫ్రేముల వ్యాపారి ఇంకొకరు. పాత పత్రికల్లోంచి ప్రకటనల పేజీలు కోసి, అద్దం బిగించి, కాఫీ షాపులకూ హోటళ్లకూ అమ్ముతాడు. మూడోవాణ్ని నేను. వారంలో ఐదు రోజులు కోడ్ రాసుకుని, శని ఆదివారాలు యుద్ధకాలపు పత్రికల కోసం రాయలసీమ ఊళ్లు తిరిగే సాఫ్ట్‌వేర్ ఇంజినీరుని.

కట్ట మొత్తానికి 6 వేలు ఇస్తానన్నా. ఫ్రేముల ఆయన తనకు నచ్చిన ముప్పై పేజీలకే 9 వేలన్నాడు. మిగతాదంతా కాటాకు పోతుంది.

ఇంటి పెద్దావిడకు ఎనభై దాటాయి. నా ఇంజినీరింగ్ స్నేహితుడికి జేజి వరస. అందుకే నేనూ జేజీ అనే పిలిచా. ఆమె ఇద్దరి బేరమూ విని, నా వైపు తిరిగింది.

"సరే నాయనా, ఆయప్ప కోసి అమ్ముకుంటాడు. నువ్వేం చేస్తావు వీటిని?"

"దాచుకుంటా జేజీ."

"ఇన్నేండ్లూ ఈడ దాచిందే గదా. నీ దగ్గర దాస్తే ఏం ఎక్కువ?"

నోట మాట రాలేదు. నాలుగేళ్లుగా పత్రికలు పోగేస్తున్నా. ఈ ప్రశ్న నన్ను నేను ఒక్కసారీ అడుక్కోలేదు. "రేపొచ్చి చెప్తా జేజీ" అని బయటికొచ్చేశా.

ట్రాక్టరెక్కిన చిత్రభాను

నాకు ఈ పిచ్చి ఎలా పట్టిందో చెప్పాలంటే 2009 అక్టోబరు 2కి వెళ్లాలి. ఆ రోజు తుంగభద్ర, హంద్రీ కలిసి మా కర్నూలును ముంచేశాయి. నాకప్పుడు పన్నెండేళ్లు. మా ఇల్లు పాతబస్తీలో. నీళ్లు దిగాక వచ్చి చూస్తే ఇంటి నిండా బురద. మా తాత తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. మధ్య గదిలో ఆయన ట్రంకుపెట్టె ఉండేది. మూత తెరిస్తే లోపల పత్రికల్లేవు, ఒకే ముద్ద ఉంది.

నేను చేతనైనంత సాయం చేశా. ఆ సాయమే కొంప ముంచింది. తడిసిన పేజీలను గోళ్లతో విడదీశా. చిరిగిపోయాయి. కొన్నింటిని మిద్దె మీద ఎండబెట్టా. అప్పడాల్లా వంకర్లు తిరిగి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. నాలుగో రోజుకు బూజు పట్టి వాసన మొదలైంది. చెత్త ట్రాక్టరు వీధిలోకి రాగానే ఆ ముద్దలన్నీ నేనే ఎత్తి అందులో వేశా.

తాత అరుగు మీద కూర్చుని చూస్తూనే ఉన్నాడు. ఒక్క మాట అనలేదు. ట్రాక్టరు మలుపు తిరిగాక మాత్రం, "అందులో చిత్రభాను పూర్తిగా ఉండెరా" అన్నాడు.

అదేదో పుస్తకం పేరేమో అనుకున్నా. ఏమిటని అడగలేదు. తర్వాత కొన్నేళ్లకు తాత పోయాడు.

ఉద్యోగంలో చేరాక ఒక రాత్రి ఫోన్లో పాత 'భారతి' సంచికల స్కాన్లు తిప్పుతున్నా. ఒక పేజీ మీద 'చిత్రభాను సంవత్సరం' అని కనిపించింది. అది తెలుగు సంవత్సరం పేరు! 1942 ఉగాది నుంచి 1943 ఉగాది దాకా నడిచిన ఏడాది. విశాఖ మీద బాంబులు పడ్డ ఏడాది. క్విట్ ఇండియా ఏడాది. నేను ట్రాక్టరులోకి విసిరింది ఆ ఏడాది మొత్తాన్ని.

అప్పట్నుంచి వెతుకుతున్నా.

కాగితానికి కరువొచ్చిన రోజులు

యుద్ధకాలపు తెలుగు పత్రికలు ఎందుకంత అరుదు? సగం కారణం ఆ యుద్ధమే.

అప్పటికి మన దేశంలో న్యూస్‌ప్రింట్ తయారు చేసే మిల్లు లేదు. నార్వే, స్వీడన్, ఫిన్లాండ్, కెనడా లాంటి దేశాల నుంచి ఓడల్లో రావాల్సిందే. (మధ్యప్రదేశ్‌లోని నేపానగర్ మిల్లు ఉత్పత్తి మొదలుపెట్టింది 1955లో.) 1940 ఏప్రిల్లో హిట్లర్ సైన్యం నార్వేలో దిగింది. ఎక్కడో ఉత్తర ధ్రువం పక్కన జరిగిన దాడికి, మద్రాసులో తెలుగు పత్రిక అచ్చేసే ప్రెస్సులో కాగితం తగ్గింది. మన సర్వర్ ఎక్కడో డౌన్ అయితే ఇక్కడ యాప్ ఆగిపోయినట్టే ఇదీ. ఆ తర్వాత సముద్రమంతా జలాంతర్గాముల భయం. దేశంలో తయారయ్యే మామూలు కాగితంలోనూ చాలా భాగం ప్రభుత్వమే తీసుకునేది. ఎవరు ఎన్ని పేజీలు వేయాలన్న దానికీ ఆంక్షలు వచ్చాయి.

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. మద్రాసు జనం కూడా మూటాముల్లె సర్దుకుని లోపలి ఊళ్లకు పరుగులు తీశారు. అప్పట్లో పెద్ద తెలుగు పత్రికల్లో చాలావరకు మద్రాసులోనే అచ్చయ్యేవి. చదివేవాళ్లూ రాసేవాళ్లూ చెల్లాచెదురై, కాగితం కూడా కరువైన ఆ రోజుల్లోనూ పత్రికలు వచ్చాయి. కాకపోతే చిక్కిపోయి వచ్చాయి.

ఆ చిక్కిపోవడం చేత్తో పట్టుకుంటే తెలుస్తుంది. ఒకే పత్రిక 1939 సంచికనూ 1943 సంచికనూ పక్కపక్కన పెట్టి చూడండి. రెండోది పల్చన. అక్షరం చిన్నది. అంచుల్లో ఖాళీ తగ్గింది. కాగితం గరుగ్గా, మట్టి రంగులో ఉంటుంది. యుద్ధం గురించి ఒక్క వార్త చదవక ముందే వేళ్లకు యుద్ధం తగులుతుంది. స్కాన్ చూస్తే ఇది తెలీదు. అందుకే పత్రిక చేతికి రాగానే పేజీలు లెక్కపెట్టి, కొలత తీసి, తూకం కూడా రాసి పెట్టుకుంటా.

ఆ కరువులో పాత కాగితానికీ గిరాకీ పెరిగింది. చదివేసిన పత్రిక చింతపండు పొట్లమైంది, మిరపపొడి పొట్లమైంది. అలా వెళ్లగా మిగిలినవే మనకు దొరికేవి. వాటిని కూడా కాగితమే లోపల్నుంచి తినేస్తుంది. చవక కాగితాన్ని కొయ్య గుజ్జుతో చేస్తారు. అందులో లిగ్నిన్ అనే పదార్థం ఉంటుంది. గాలి, వెలుతురు తగిలేకొద్దీ పసుపెక్కుతుంది. కాగితంలోని ఆమ్లం పోగులను కొరికేస్తుంది. చివరికి మడత పెడితే విరిగిపోతుంది.

"మన సీమ పొడి గాలికి పుస్తకం చెడదురా" అనేవాడు తాత. సగమే నిజం. కోస్తాలోలా తేమ లేదు కాబట్టి బూజు తక్కువ. కానీ మే నెలలో మిద్దె కింద అటక మీద ఉండే వేడికి కాగితం ఇంకా త్వరగా పెళుసెక్కుతుంది.

తలనొప్పి మందు నడిపిన పత్రిక

ఫ్రేముల ఆయన కోరింది ప్రకటనలనే కదా. "సార్, కథలెవరికి కావాలి? బొమ్మ ఉండాలి, పాత అక్షరం ఉండాలి" అన్నాడు. ఆయన్ను తప్పుపట్టను. నేనూ ఒకప్పుడు ఆయన కస్టమరు లాంటివాణ్నే.

ప్రకటనలు నాకూ ఇష్టమే. తెలుగు పత్రికల కథ వాటి నుంచే మొదలవుతుంది. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం వ్యాపారం పెట్టారు. ఆ ఆదాయంతోనే 1908లో అక్కడే ఆంధ్రపత్రికను వారపత్రికగా మొదలుపెట్టారు. 1914లో మద్రాసు నుంచి దినపత్రిక చేశారు. 1924లో 'భారతి' మాసపత్రిక తెచ్చారు. ఆయన 1938లో పోయారు. యుద్ధకాలంలో ఆ పత్రికలను నడిపింది అల్లుడు శివలెంక శంభుప్రసాద్. 'గృహలక్ష్మి' కథ కూడా ఇలాంటిదే. కేసరి కుటీరం పెట్టి ఆడవాళ్ల కోసం 'లోధ్ర' మందు అమ్మిన డాక్టర్ కె.ఎన్.కేసరి 1928లో ఆ పత్రికను ప్రారంభించారు. ఒకటి తలనొప్పి మందు, ఇంకొకటి ఆడవాళ్ల మందు. రెండూ కలిసి తెలుగు సాహిత్యాన్ని ఎంత పోషించాయో! ఇప్పటి యాప్‌లన్నీ ప్రకటనల మీద బతుకుతున్నాయని మనం వింతగా చెప్పుకుంటాం కానీ, వందేళ్ల కిందటే ఇది నడిచింది.

యుద్ధం వచ్చాక ప్రకటనల పేజీలూ మారాయి. మందులు, సబ్బులు, తలనూనెల పక్కన ప్రభుత్వ పొదుపు పత్రాలు కొనమనే ప్రకటనలు చేరాయి. టీ తాగితే అలసట పోతుందని చెప్పేవీ కనిపిస్తాయి. వాటిని వరుసగా చూస్తే ఇంట్లో ఏది కరువైందో, ప్రభుత్వం ఏం కోరుకుందో తెలిసిపోతుంది. విడదీసి గోడకు తగిలిస్తే అది అందమైన బొమ్మ మాత్రమే.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక షాపులో 1,800 రూపాయలు పెట్టి అలాంటి ఫ్రేము కొన్నా. బాగా మురిసిపోయా. ఏడాది తర్వాత స్కాన్ చేద్దామని అద్దం ఊడదీశా. పేజీ వెనక్కి తిప్పితే పాఠకుల ఉత్తరాలున్నాయి. ఒకరు కిరసనాయిలు దొరకడం లేదని, రాత్రిళ్లు పిల్లలు చదువుకోలేకపోతున్నారని రాశారు. కింద పేరూ ఊరూ ఉండాల్సిన చోట కత్తెర పడింది. ఆ ఉత్తరం రాసిందెవరో, ఏ ఊరో తెలుసుకునే దారి ఇక లేదు. అద్దం ముందు వైపు మాత్రం చాలా బాగుంది.

ఆ ఫ్రేము ఇప్పటికీ నా గదిలో ఉంది. బొమ్మ గోడ వైపు, ఉత్తరం నా వైపు.

ఒకే నెల, మూడు గొంతులు

పత్రికను పూర్తిగా ఉంచాలనడానికి ఇంకో కారణం ఉంది. యుద్ధకాలంలో ఒక్క పత్రిక చదివితే ఏమీ అర్థం కాదు. పక్కన ఇంకోటి పెట్టుకోవాలి.

1942 ఆగస్టునే తీసుకోండి. 8వ తేదీ రాత్రి బొంబాయిలో క్విట్ ఇండియా తీర్మానం. తెల్లారేసరికి నాయకులంతా జైల్లో. గాంధీ 'హరిజన్' ఆగిపోయింది, మళ్లీ వచ్చింది 1946 ఫిబ్రవరిలో. దానికి నెల ముందే, 1942 జులైలో, కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం తొలగింది. హిట్లర్ రష్యా మీద దాడి చేశాక ఆ పార్టీ దీన్ని 'ప్రజాయుద్ధం' అంది. 'ప్రజాశక్తి' వారపత్రికగా మొదలైంది ఆ ఏడాదే. మచిలీపట్నంలో 1902లో పుట్టిన 'కృష్ణాపత్రిక'ది జాతీయోద్యమ గొంతు. దాని సంపాదకుడు ముట్నూరి కృష్ణారావు 1945లో పోయేదాకా ఆ కుర్చీలోనే ఉన్నారు. ఈ గొంతులన్నింటి మధ్యలో ప్రభుత్వ ప్రకటనలు. అవి విజయం మనదే అంటాయి.

వీటన్నింటి తల మీద భారత రక్షణ నిబంధనల కత్తి. ఏం రాస్తే జైలో ఎవరికీ సరిగ్గా తెలీదు. మన సీమలో అనంతపురం జిల్లా తరిమెల నాగిరెడ్డి యుద్ధం గురించి పుస్తకం రాసి జైలుకెళ్లారు. కాబట్టి ఆ కాలపు పత్రికలో రాసిందే కాదు, రాయనిదీ చూడాలి. ఒక వారం సంపాదకీయం ఉన్నట్టుండి వ్యవసాయం మీదికో, పురాణం మీదికో మళ్లితే నేను ఆగి తేదీ చూస్తా. సంచికల మధ్య ఖాళీ వచ్చినా అంతే. అది నా సేకరణలో లోపం కావచ్చు, లేదా పత్రికే ఆ వారం రాకపోయి ఉండొచ్చు. రెండింటికీ తేడా తేలేదాకా నిద్ర పట్టదు.

విదేశాల్లో ఈ సరదా పద్ధతే వేరు. జర్మన్ సైన్యం 'సిగ్నల్' అనే రంగుల పత్రికను 20కి పైగా భాషల్లో వేసింది. అమెరికా 'లైఫ్' ఫొటోలతో యుద్ధాన్ని ఇంటింటికీ చేర్చింది. అక్కడ సేకరించేవాళ్లు అట్ట మీది బొమ్మను బట్టి ధర కడతారు. 'లైఫ్' పాత సంచికలు గూగుల్ బుక్స్‌లో ఉచితంగానే ఉన్నాయి, ఫోన్లోనే తిప్పి చూడొచ్చు. మనవాటిలో అంత ఆర్భాటం ఉండదు. ఫొటో వేయాలంటే బ్లాకు చేయించాలి, ఖర్చు. అందుకే మన యుద్ధం ఎక్కువగా అక్షరాల్లో ఉంది. మూలల్లో, చిన్న వార్తల్లో, ఉత్తరాల్లో ఉంది.

అట్ట లేని సంచికకు పుట్టినరోజు

అటకల మీద దొరికే పత్రికల్లో సగానికి అట్టలుండవు. అప్పుడు తేదీ ఎలా కనుక్కోవాలి? నేను వాడే కొండగుర్తులు ఇవి.

మొదటిది, తెలుగు సంవత్సరం పేరు. సాహిత్య మాసపత్రికల్లో ఇది తరచూ ఉంటుంది. యుద్ధకాలం వరుస ఇది: ప్రమాథి (1939-40), విక్రమ (1940-41), వృష (1941-42), చిత్రభాను (1942-43), స్వభాను (1943-44), తారణ (1944-45), పార్థివ (1945-46). ఉగాదికి సంవత్సరం మారుతుంది కాబట్టి జనవరి, ఫిబ్రవరి నెలలు ముందు పేరులోకే వస్తాయి. ఇక్కడే చాలామంది పొరబడతారు.

రెండోది, ధర. అణాల్లో ఉంటే 1957కు ముందుది. ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచే నయాపైసలు వచ్చాయి.

మూడోది, పేజీల సంఖ్య, కాగితం రంగు. ఇది అలవాటు మీద వస్తుంది. నాలుగోది, సీరియల్. 'గత సంచిక తరువాయి' అని ఉంటే, అదే సీరియల్ ఉన్న తేదీ తెలిసిన సంచికతో కలిపి చూడాలి. కోడ్‌లో బగ్ వెతకడం కన్నా ఇది సరదాగా ఉంటుంది, నమ్మండి.

పోల్చి చూసుకోవడానికి ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ డిజిటైజ్ చేయించిన పాత పత్రికలున్నాయి. ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లోనూ బోలెడు తెలుగు స్కాన్లు దొరుకుతాయి. కాగితాన్నే చూడాలంటే వేటపాలెంలో 1918లో మొదలైన సారస్వత నికేతనం ఉంది. పాత పత్రికలకు అది పెట్టింది పేరు.

జేజికి జవాబు

మళ్లీ కడపకు వద్దాం. జేజి ప్రశ్నతో ఆ రాత్రి లాడ్జిలో నిద్ర పట్టలేదు. పొద్దున్నే లేచి ఎర్రముక్కపల్లె వైపు నడిచా. అక్కడ సి.పి.బ్రౌన్ గ్రంథాలయం ఉంది. ఒకప్పుడు బ్రౌన్ బంగళా ఉన్న చోటే, జానమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టుబట్టి కట్టించారు. గేటు ముందు కాసేపు నిలబడ్డా.

చిన్నప్పటి నుంచీ బ్రౌన్ పేరు వింటూనే ఉన్నా, ఆ రోజే ఒక సంగతి బుర్రకెక్కింది. 1820లో ఉద్యోగానికి కడపకొచ్చిన ఆయన తాటాకు ప్రతులు సేకరించడంతో ఆగలేదు. తన డబ్బుతో పండితులను పెట్టి, ప్రతులను ఒకదానితో ఒకటి పోల్చి, కాగితం మీద శుద్ధ ప్రతులు రాయించాడు. అంటే ఆ కాలపు స్కానింగు, బ్యాకప్పు! తన సేకరణను ఇంట్లో పెట్టుకోకుండా మద్రాసుకు అప్పగించాడు. అది చేరిన ప్రాచ్య లిఖిత గ్రంథాలయాన్ని యుద్ధకాలంలో, బాంబుల భయంతో, తిరుపతికి తరలించారు. నేను వెతుకుతున్న పత్రికలు అచ్చవుతున్న రోజుల్లోనే మన తాటాకులు కూడా యుద్ధానికి భయపడి ఊరు మారాయన్నమాట. దాచేవాడికి తన ఇల్లు క్షేమం అనే నమ్మకం ఉండకూడదు. కర్నూలువాణ్ని, నాకు ముందే తెలిసుండాల్సింది.

జేజి దగ్గరికి వెళ్లి, నా ట్రంకుపెట్టె కథ మొత్తం చెప్పా. ట్రాక్టరు సంగతి కూడా. తర్వాత నా మాట చెప్పా.

"ముందు మీ ఇంట్లోనే అన్నీ ఫొటోలు తీస్తా జేజీ. ఒక కాపీ మీ మనవడికి, ఒకటి నాకు, ఒకటి గ్రంథాలయానికి. అసలు కాగితాలు పూర్తిగా కొంటా. ఒక్క పేజీ కొయ్యను. రేపు మా ఇంట్లోకి మళ్లీ నీళ్లొచ్చినా అక్షరాలు పోవు."

ఆమె కాసేపు ఆలోచించింది. "మీ తాత నిన్ను తిట్లేదా?"

"లేదు జేజీ."

"తిట్టింటే బాగుండు" అంది. తర్వాత, "మూడు వేలు తక్కువైనా పోనీలే. కొయ్యగూడదు, అంతే" అంది.

ఫ్రేముల ఆయనకు నేనో మాట చెప్పి చూశా. పెద్ద సైజు స్కాన్లు ఇస్తా, ప్రింటు వేసి ఫ్రేము కట్టుకోమన్నా. "కస్టమరుకు పాత కాగితమే కావాల సార్, ప్రింటు వాళ్లు తీసుకోరు" అన్నాడు. ఆయన బాధ ఆయనది. అటక మీద ఇంకో మూల దొరికిన, అట్టలు చిరిగిన తర్వాతి కాలపు సినిమా పత్రికలు తీసుకుని వెళ్లిపోయాడు. వాటినీ కోస్తాడని తెలుసు. అన్నింటినీ కాపాడేంత డబ్బూ చోటూ నా దగ్గర లేవు.

ఫోనుతోనే మొదలు

మూడు ఆదివారాలు జేజి ఇంట్లో కూర్చున్నాం, నేనూ నా స్నేహితుడూ. స్కానరు లేదు. ఫోను, దాన్ని కిందికి చూసేలా పట్టే స్టాండు, కిటికీ వెలుతురు. అంతే. మీరూ చేయాలనుకుంటే కొన్ని మాటలు.

ఫ్లాష్ వద్దు. ఎండ నేరుగా పడొద్దు. పత్రికను బలవంతంగా పూర్తిగా తెరవొద్దు, వెన్ను విరుగుతుంది. అట్ట నుంచి అట్ట దాకా ప్రతి పేజీ తీయండి, ప్రకటనలూ ఖాళీ పేజీలూ సహా. ఫైలు పేరులో పత్రిక, ఏడాది, నెల, పేజీ ఉండాలి. కనీసం మూడు చోట్ల దాచండి, అందులో ఒకటి వేరే ఊళ్లో ఉండాలి. ఫోను అక్షరాలను చదివి టెక్స్టుగా మార్చే సాఫ్ట్‌వేర్లు తెలుగుకూ వచ్చాయి. పాత అచ్చుకు, ముఖ్యంగా అరసున్నలకు, ఇంకా తడబడతాయి. అయినా వెతుక్కోవడానికి పనికొస్తాయి.

చిరుగులకు టేపు అతికించొద్దు, జిగురు పసుపెక్కి కాగితాన్ని తింటుంది. లామినేషన్ అసలే వద్దు. తుప్పు పట్టిన పిన్నులు మెల్లగా తీసేయండి. నిలబెట్టకుండా పడుకోబెట్టి, ఆమ్లం లేని అట్టపెట్టెలో, నేలకు ఎత్తుగా, పైకప్పుకు దూరంగా పెట్టండి. ఎప్పుడైనా తడిస్తే ఎండబెట్టొద్దు, పేజీలు విడదీయొద్దు. కొద్ది తడైతే మధ్యలో పీల్చే కాగితం పెట్టి ఫ్యాను గాలికి ఆరనివ్వండి. ముద్దగా తడిస్తే ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఫ్రీజర్లో పెట్టండి. బూజు ఆగుతుంది, తర్వాత నిదానంగా తెలిసినవాళ్లతో బాగు చేయించుకోవచ్చు. 2009లో మా వీధిలో కరెంటే లేదు. నాకీ సంగతి తెలిసినా ఏమీ చేయలేకపోయేవాణ్నేమో. కానీ గోళ్లతో మాత్రం విడదీసేవాణ్ని కాదు.

ఇంకో మాట. స్కాన్ చేశాం కదా అని అన్నీ ఆన్‌లైన్లో పెట్టేయకూడదు. మన చట్టంలో రచయిత పోయాక 60 ఏళ్ల దాకా కాపీరైటు ఉంటుంది. 1943లో కథ రాసినవాళ్లు 1990లలో పోయి ఉండొచ్చు. అందుకే మేం గ్రంథాలయానికి కాపీ ఇచ్చాం, అక్కడ కూర్చుని ఎవరైనా చదువుకోవచ్చు.

జేజి కట్టలో మొత్తం 58 సంచికలు తేలాయి. అందులో చిత్రభానువి 7. నా దగ్గర అంతకుముందు ఉన్నవాటితో కలిపి తాత ఏడాది చాలావరకు నిండింది. శ్రావణ మాసం సంచిక మాత్రం ఇంకా దొరకలేదు. అంటే 1942 ఆగస్టు-సెప్టెంబరు. క్విట్ ఇండియా వేడి మీదున్న రోజులు. ఆ నెల అంతా అన్నిచోట్లా ఎందుకు మాయమైందో నాకు రకరకాల ఊహలున్నాయి. కాగితం చేతికొచ్చేదాకా అవి ఊహలే.

ఇప్పుడు తాత ట్రంకుపెట్టె మా ఇంట్లో పై అంతస్తులో ఉంది. బురద మరక లోపల ఒక గీతలా ఇంకా కనిపిస్తుంది. ఆ పెట్టెలో పత్రికలు పెట్టలేదు. జేజి ఇంట్లో తీసిన ఫొటోల హార్డ్‌డిస్కు ఒకటి పెట్టా. దానికి జోడీ కడపలో ఉంది, ఇంకోటి గ్రంథాలయంలో ఉంది.

ఈసారి పండక్కి ఊరెళ్లినప్పుడు అటక మీద ఒకసారి చూడండి. అట్ట లేని పల్చటి పత్రిక దొరికి, మట్టి రంగు కాగితం మీద అణాల్లో ధర ఉంటే, పాత పేపర్ల ఆయనకు వేసే ముందు సంవత్సరం పేరు చదవండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే అదేమిటో అప్పుడే అడిగేయండి. నేను అడగలేదు.